కావలి యాత్మలును మనుష్యుని పుణ్యమును

మనుష్యుడు ఒంటరిగా నున్నప్పుడు చేసిన పనిని చూచువారెవరైన నుందురా యనునది మిక్కిలి పాతప్రశ్న. చూతురు సరే, ఆ చూచువారు అప్పుడప్పుడు చేయి కూడ నందింతురా యనునది దాని తరువాతి ప్రశ్న. ఈ రెంటికి నడుమనున్న దూరము చిన్నదిగా గనబడును గాని, నా యభిప్రాయమున అది సముద్రమంత యున్నది. ఒక నవల నిమిత్తముగా కొంతకాలము నుండి ఈ విషయమును గూర్చి యాలోచించుచున్నాను. నేను పండితుడను గాను. మెట్రిక్ పరీక్ష మాత్రము ప్యాసై, జీవితమంతయు గుమాస్తాగా నుండి ఉద్యోగవిరమణము చేసినవాడను. కాబట్టి శాస్త్రచర్చ జోలికి పోక, జమాఖర్చులు వ్రాసినవాని దృష్టితో నాకు తోచినది పాఠకమహాశయులకు విన్నవించుకొందును.

మా బంధువర్గములో నొక యువకుడు తెలుగున నవల వ్రాయుచున్నాడు. బరంపురములో పుట్టి, ఒడియా బడిలో చదివి, ఇంగ్లీషులో పట్టము పుచ్చుకొని, నాయనమ్మ దగ్గర కూర్చుండి తెలుగు అక్షరములు దిద్దుకొన్నవాడు నవల వ్రాయబూనుటయే మా యిండ్లలో నొక విశేషము. వాని నవలలో ప్రతి మనుష్యుని వెనుకను ఒక యాత్మ నిలిచి యుండును. అది ఆ కుటుంబములో పూర్వము గతించిన యెవరో ఒకరిది. మనుష్యునికి అది కనబడదు. కాని వాడు దారి తప్పుచున్నప్పుడు చెవిలో మెల్లగా చెప్పును, ఆపద వచ్చునప్పుడు అడ్డుపడును. పాశ్చాత్యదేశములలో ఇట్టి మార్గదర్శక ఆత్మలను గూర్చి పుస్తకములు విశేషముగ వచ్చినవి; వాడు వానిని చదివి, మన పెద్దల ముఖములు వానికి తగిలించినాడు. ఏడధ్యాయములు నాకు చదివి వినిపించెను. భాష బాగుగనే యున్నది, కథయు నడుచుచున్నది. నాకు వచ్చిన చిక్కు న్యాయమునకు సంబంధించినది.

మన గ్రంథములలో చూచువారికి కొదువ లేదు. భారతము ఆదిపర్వమున శకుంతల కుమారుని వెంటబెట్టుకొని దుష్యంతుని కొలువునకు వచ్చినప్పుడు, రాజు ఆమెను ఎఱుగనని పలికెను. అప్పుడామె మనుష్యుని నడవడి నెఱిగిన సాక్షులను ఒకరి తరువాత నొకరిని పేర్కొనును. సూర్యచంద్రులు, పంచభూతములు, పగలు, రాత్రి, సంధ్యలు, ధర్మము, యముడు, తుదకు మనుష్యుని అంతరాత్మ. నన్నయభట్టు దీనిని తెనిగించిన పద్యము మన పెద్దలలో ననేకులకు కంఠస్థము. ఇంతమంది సాక్షులుండియు ఒక్కరును రాజు నోరు తెఱపింపలేదు. ఆకాశవాణి పలికిన పిమ్మట గాని ఆయన ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్న తరువాత చెప్పిన మాట గమనింపదగినది. వీడు నా కుమారుడని నేను ముందే యెఱుగుదును, కాని ఆమె మాట మాత్రము విని స్వీకరించినచో లోకము శంకించునని యూరకుంటిని అనెను. అనగా ఆకాశవాణి రాజునకు తెలియనిదేదియు తెలుపలేదు. తెలిసినదానిని పదిమందిలో చెప్పుటకు వెసులుబాటు కల్పించినది, అంతే. కాళిదాసు ఈ కథను నాటకముగ వ్రాసినప్పుడు దుర్వాసుని శాపమును, ఉంగరమును తెచ్చి రాజును గట్టెక్కించినాడు. నాటకమునకది సొగసే. కాని భారతములోని దుష్యంతుడు నాకు ఎక్కువ నమ్మదగినవాడుగ తోచును. అట్టివారిని కచేరీలలో నిత్యము చూచితిమి.

చిత్రగుప్తుని సంగతి చెప్పనక్కఱలేదు. మా వృత్తివారికి ఆయన మూలపురుషుడు. మన స్త్రీలు ఆయన పేర నోము నోచుటయు గలదు. ఆయన వ్రాయును, వ్రాయుచుండగా లేచి వచ్చి యెవరి చేయియైనను పట్టుకొని తప్పించినట్లు నేను వినలేదు. ప్రతి మనుష్యుని మంచిచెడ్డలను వ్రాయు ఇరువురు దేవదూతలుందురని మహమ్మదీయుల విశ్వాసము. వారును లేఖకులే. ఉపనిషత్తులో ఒకే చెట్టుమీది రెండు పక్షులలో నొకటి పండు తినును, రెండవది తినక చూచుచుండును. గ్రీసుదేశపు సోక్రటీసు తనకు బాల్యమునుండి ఒక ధ్వని వినబడుచుండెడిదని న్యాయస్థానమున చెప్పుకొనెను. అది యెన్నడును ఇది చేయుమని ప్రేరేపింపలేదట. చేయబోవుదానిని వలదని ఆపుట మాత్రమే దాని పనియట. క్రీ. పూ. 399లో ఆయనకు మరణశిక్ష విధించిన నాడు ఆ ధ్వని ఊరకుండెను. ఆ మౌనమునుబట్టి రాబోవునది కీడు గాదని ఆయన యెంచెను. రోమను కతోలికులు మాత్రము ప్రతివానికిని ఒక కావలి దేవదూత గలడని నమ్మి, అక్టోబరు 2వ తేదీన ఆ దూతల పండుగ జరుపుకొందురు. ఇందఱిలో సాక్షులే హెచ్చు. వారించువారు కొందఱు. ఆదుకొనువారు మిక్కిలి కొద్ది. మా యువకుని నవలలో నందఱును ఆదుకొనువారే.

గజేంద్రుని మాట యేమని యడుగవచ్చును. పోతనగారి గజేంద్రుడు వేయి సంవత్సరములు మొసలితో పెనుగులాడి, ఒంటి బలమంతయు ఉడిగిన పిమ్మట మొఱపెట్టెను. పిలిచినవానికొఱకు పరుగెత్తి వచ్చుట వేఱు. పిలువకయే వెనుక నిలిచి ప్రతి యడుగును నడిపించుట వేఱు.

నవలలో నాలుగవ యధ్యాయము మా చిక్కునకు మూలము. ఒక బాలుడు చెఱువుగట్టున ఆడుకొనుచు కాలుజాఱి నీట పడును. వాని ముత్తాత యాత్మ, ఆ దారిని పోవుచున్న కూరగాయల బండివాని మనస్సులో ప్రవేశించి, వానిని గట్టువైపు త్రిప్పును. బండివాడు దూకి బాలుని పైకి తెచ్చును. ఈ యధ్యాయమును మా యింట చదువుచుండగా ప్రక్కయింటి యామె ఏదో పనిమీద వచ్చి గుమ్మమునొద్ద నిలిచి వినెను. ఆమె కుమారుడు పదునాలుగవయేట గోపాలపురము సముద్రములో స్నానమునకు దిగి మఱల రాలేదు. ఇది జరిగి చాల యేండ్లయినది. చదువుట ముగిసిన తరువాత ఆమె, "బాగుంది నాయనా" అనెను. మఱికొంతసేపటికి, "అయితే మావాడి వెనకాల ఎవరూ లేరన్నమాట" అనెను. ఆ కంఠమున కోపము లేదు. తెలియనిదానిని తెలిసికొనగోరి యడిగినట్లే యడిగెను. మా యువకుడు కాగితములు చేతబట్టుకొని తలవంచి కూర్చుండెను. నేనును ఏమియు పలుకలేదు.

సమాధానములు లేకపోలేదు; సిద్ధముగనే యున్నవి. పూర్వజన్మ కర్మ మనవచ్చును. శాస్త్రమున దానికి స్థానము గలదు, నేను కాదనను. కాని ఎవరి కర్మను వారు తలచుకొని సరిదిద్దుకొనుటకు ఆ మాట యున్నది గాని, ఎదుటివారి యింటి దుఃఖమునకు చీటి యంటించుటకు లేదు. ఆ బాలుని కావలి యాత్మ ఆ సమయమున ఏమఱినదనవచ్చును. కచేరీలో నైనచో సంజాయిషీ యడుగుదురు. పరలోకమున నెవరడుగుదురో నవలలో చెప్పలేదు. ఇక, అట్లు పోవుటయే ఆ బాలునకు మేలని ఆ యాత్మ యెంచియుండునని చెప్పువారును గలరు. ఈ మాట నాకు వినుటకే కంటకముగ నుండును. తల్లి కడుపుకోతను మేలని లెక్క వేయువాడు దేవతయే యైనను వానిని నేను కావలివాడని పిలువజాలను.

నవల వ్రాయువాడు ఒకటి తెలిసికొనవలెను. దక్కిన బాలుని గూర్చి వ్రాసిన ప్రతి పుటయు దక్కని బాలుని గూర్చి కూడ ఏదో చెప్పుచునే యుండును. వ్రాసినవాడు ఉద్దేశింపకున్నను చెప్పును. పురాణమును వినువాడు భక్తితో విని, అందలి దూరమును గుర్తెఱిగి యుండును. నవలయో, ఇది మీ వీధి, ఇది మీ చెఱువు, ఈ బండి నిన్న మీ గుమ్మము ముందాగినదే యని చెప్పుకొనుచు లోపలికి వచ్చును. మన వీధి యని చెప్పిన తరువాత మన వీధిలోని చావులకును జవాబుదారి కావలసినదే.

కూరగాయలవాని సంగతి మఱియొకటి. దూకినవాడు వాడు. బండి వదలి దూకినాడు. ఆ పూట బేరము పోయినది, ప్రాణమునకును అపాయమే. అయినను నవల లెక్కలో పుణ్యమంతయు ముత్తాత ఖాతాకు జమయైనది. కచేరీలో నొక యేర్పాటు గలదు. గుమాస్తా నోటు వ్రాయును, పై యధికారి సంతకము చేయును. నోటులో నెంత చక్కని సలహా యున్నను బాధ్యత సంతకము చేసినవానిదే. తప్పు బయటపడిన నాడు గుమాస్తా అట్లు వ్రాసినాడని తప్పించుకొనజూచిన యధికారులను చూచితిని. పని చక్కబడిన నాడు గుమాస్తా పేరు తలచినవారిని అంతగా చూడలేదు. అది వేఱు విషయము. కావలి యాత్మలు నోటు వ్రాయవచ్చును. సంతకము మనుష్యునిది కావలెను. ఆత్మయే మనస్సులో దూరి చేయిపట్టి సంతకము చేయించినచో ఆ మంచిపని మనుష్యునిది కాదు. అదే న్యాయమున చెడ్డపనియు వానిది కాదు.

ఆ నవలలో అనాథయైన మేనకోడలి యిల్లు కాజేసిన దుష్టుడొకడు గలడు. వాని వెనుకనున్న యాత్మ యేమి చేయుచుండెనని యడిగితిని. "చెబుతూనే ఉంటుంది తాతగారూ, వాడే వినడు" అని మా యువకుడు చెప్పెను. వినకుండుటకు దుష్టునికి స్వాతంత్ర్యమిచ్చి, వినుటకు కూరగాయలవానికి స్వాతంత్ర్యమీయకపోవుట ఏమి న్యాయము? వాని మనస్సులో అనుమతి లేకయే దూరినారు గదా!

ఇంగ్లీషు నవలాకారుడు డికెన్సు 1843లో ప్రకటించిన క్రిస్మసు కథలో స్క్రూజి యను లోభియొద్దకు ఆత్మలు వచ్చును. అవి వానికి గడచినదానిని, జరుగుచున్నదానిని, జరుగబోవుదానిని చూపును. అంతకు మించి, వాని పెట్టెనుండి ఒక్క కాసైనను తీసి యెవరికిని ఈయవు. తెల్లవాఱిన పిమ్మట గుమాస్తా యింటికి సీమకోడిని పంపినవాడు స్క్రూజియే. జీతము పెంచినవాడును స్క్రూజియే. (గుమాస్తాల పక్షమున ఆ పుస్తకము నాకు ప్రీతిపాత్రము.) షెర్లాకు హోమ్సు కథలు వ్రాసిన కానన్ డాయిలు 1926లో ఆత్మలను గూర్చి ఒక నవల ప్రకటించెను. ఆయన కుమారుడు 1918లో మరణించెను. అంతకుముందే, యుద్ధములో కొడుకును గోల్పోయిన శాస్త్రజ్ఞుడు సర్ ఆలివర్ లాడ్జి, ఆ కొడుకు ఆత్మతో మాటలాడితిమని 1916లో ఒక గ్రంథము వ్రాసెను. ఆ తండ్రుల దుఃఖమునకు నమస్కరింతును. కాని డాయిలు నవలలో మనుష్యులు బ్రదుకుట మాని సాక్ష్యములు చెప్పుట మొదలుపెట్టుదురు. నమ్మించుటకు వ్రాసినదానికిని చూపుటకు వ్రాసినదానికిని ఈ భేదము వచ్చును.

తెలుగున నవల తొలినాళ్లలోనే అద్భుతములయెడ అనుమానము చూపినది. కందుకూరి వీరేశలింగం పంతులుగారి రాజశేఖరునికి స్వర్ణయోగము చేయుదునని నమ్మించిన బైరాగి, ఉన్న బంగారముకూడ నెత్తుకొని పోవును. విశ్వనాథ సత్యనారాయణగారు అందుకు భిన్నముగ వేయిపడగలులో సర్పదేవతను నిలిపిరి. అయినను ఆ దేవత సుబ్బన్నపేట క్షీణించుటను ఆపదు. గ్రామములో ధర్మమొక్కటొక్కటిగ తొలగినకొలది పడగలే తఱిగిపోవును. కాచువాని బలము కాపాడబడువారి నడవడిలో నున్నదని ఆయన యభిప్రాయము గాబోలు. ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన బెట్టి చదువుమని మా యువకునికి చెప్పితిని.

ఒడిశాలోని మనవారికి కావలి యనగా నేమో తెలియుటకు తుఫానులకంటె మంచి గురువులు లేరు. 1999 అక్టోబరు 29న వచ్చిన పెనుతుఫానులో ఈ రాష్ట్రమున దాదాపు 10,000 మంది మరణించిరి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా గోపాలపురమునొద్దనే తీరము దాటెను. గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగమునకు తగ్గలేదు. చెట్లు, స్తంభములు, కప్పులు పోయినవి. బరంపురములో అనేక దినములు దీపము లేదు. కాని మరణములు పదులలోనే నిలిచినవి. మొదటి తుఫానునాడు పదివేలమంది వెనుకనున్న యాత్మలు నిద్రించినవా, రెండవనాడు మేల్కొన్నవా? జరిగినది వేఱు. 1999 తరువాత తుఫాను ఆశ్రయములు కట్టిరి, ప్రత్యేకముగ నొక సంస్థను నెలకొల్పిరి, హెచ్చరికలు ముందుగ తెలియు నేర్పాట్లు చేసిరి. 2013లో దాదాపు పదిలక్షలమందిని ముందే యిండ్లనుండి తరలించిరి. అప్పుడు నేను ఉద్యోగములో నుంటిని. దసరా సెలవులు రద్దయినవి. మేము చేసినది గొప్పపని కాదు. ఊరిపేరు, మనుష్యుల సంఖ్య, బస్సు సంఖ్య, బడి పేరు, బియ్యము బస్తాలు. ఇవి వరుసగా వ్రాసితిమి. ఆ జాబితాలో పేరున్న వారెవరును మమ్ము చూడలేదు, మేమును వారిని చూడలేదు. అదృశ్య రక్షకులన్న మాటకు నాకు తెలిసిన యర్థము ఇంతమాత్రమే.

ఆ దినములలో నాతో పనిచేసినవారొకరు చెప్పిన సంగతి గలదు. తీరమున తెలుగు మాటలాడు బెస్తవారి పల్లెలో నొక ముసలమ్మ కదలననెను. "గంగమ్మ ఉంది, అదే చూసుకుంటుంది" అని గుడిసె గుంజ పట్టుకొని కూర్చుండెను. బ్రతిమాలి విసిగిన బడిపంతులు, "ఆ గంగమ్మే బస్సు పంపింది, ఎక్కమ్మా" అనెను. ఆమె లేచి, మూట తీసికొని, ఎక్కెను. మఱునాడు ఆ గుడిసె నిలువలేదు. పంతులు అబద్ధమాడెనా? ఈ ప్రశ్నను నేను పలుమాఱులు వేసికొంటిని. ఆయన నమ్మి పలుకలేదు. ఆమె నమ్మి లేచినది. నిజము చెప్పవలయునన్న నియమమును నేను తక్కువ చేయను. అయినను ఆ మాటను అబద్ధముల ఖాతాలో వ్రాయుటకు నా చేయి రాదు. ఎక్కుట ఆమె పని. పిలుచుట ఆయన పని. గంగమ్మ వాటా ఎంతయో ఆ యిద్దఱును అడుగలేదు. నవలలో ఆత్మలున్నచో ఇట్లుండవలెనని నా కోరిక. వేఱొక మనుష్యుని నోట నుండునంతగా దాగి యుండవలెను.

మన బరంపురములో రెండేండ్లకొకమాఱు జరుగు ఠాకురాణి జాతరను తలచినప్పుడు నాకు మఱియొక యాలోచన వచ్చును. ఊరినంతయు కాచు తల్లి యామె. కాని జాతర దినములలో ఆమె పుట్టింటికి వచ్చిన ఆడుపడుచు. గోదావరి ప్రాంతమునుండి వలస వచ్చిరని చెప్పుకొను నేతవారి కులపెద్ద, దేశిబెహరా, ఆమెకు తండ్రి వరుస. ఊరివారు ఘటములెత్తి, వీధివీధి త్రిప్పి, ఆదరించి, కన్నీటితో సాగనంపుదురు. అప్పుడు కాచువారెవరు, కాపాడబడువారెవరు? వలస వచ్చిన మన పెద్దలు ఇలవేల్పులను గంపలలో పెట్టుకొని నెత్తిన మోసికొని వచ్చిరి. దారిలో వాననుండి దేవునికి గొడుగు పట్టినది మనుష్యుడే. మన కావలివారిని మనము కావలి కాయుచు వచ్చితిమి. నవలలోని ఆత్మలకును ఈ లోటు, ఈ ఆధారపడుట ఉండవలెనని మా యువకునితో అంటిని.

వాడు నాలుగవ యధ్యాయమును తిరుగ వ్రాసెను. ఇప్పుడు ముత్తాత గట్టుమీద నిలిచి కేకలు వేయును, ఎవరికిని వినబడవు. కూరగాయలవాడు తనంతట తానే నీటి చప్పుడు విని దూకును. వాడు దూకునంతవఱకు దూకునో లేదో ముత్తాతకును తెలియదు. ఈ యధ్యాయమును ఉంచవలెనా తీసివేయవలెనా యని ప్రక్కయింటి యామెను వాడే పోయి యడిగెను. ఆమె మొత్తమును మఱల చదివించుకొని, "ఉంచు నాయనా. ఆ కూరగాయలబ్బాయికి పేరు లేదేం? పేరు పెట్టు" అనెనట. తన కుమారుని ప్రశ్నను మఱల నెత్తలేదు. దానికి వాని వద్ద జవాబు లేదు, నా వద్దను లేదు. జవాబు లేదని ఆ పుటలో కనబడుచున్నది. మొదటి వ్రాతలో అది కనబడలేదు.

ఇంకొక చిక్కు మిగిలినది, దానిని నేనే యెత్తిచూపితిని. ముత్తాత ఏ భాషలో మాటలాడును? మొదటి వ్రాతలో ఆయన చక్కని పుస్తకముల తెలుగు మాటలాడెను. మగ్గముమీద బ్రతికినవాడు అట్లు మాటలాడునా? సరే, మాటలాడెననుకొందము. ముని మనుమడు కలగనునది ఒడియాలో, లెక్క పెట్టునది ఇంగ్లీషులో. చెవిలో చెప్పినది వానికి ఎట్లు తెలియును? మా యువకుడు మొదట నవ్వెను. తరువాత చాలసేపు మాటలాడలేదు. ఇప్పటి వ్రాతలో ముత్తాత చెప్పినదానిలో సగమే బాలునికి అర్థమగును. ఆ సగముతోనే వాడు తప్పుదారికిని పోవును, ఒక్కొక్కప్పుడు మంచిదారికిని పోవును. ముత్తాత మాటలు వ్రాయుటకు వానికి మగ్గపు తెలుగు కావలసి వచ్చినది. అందుచేత ప్రతి యాదివారమును పట్టునేత వీధిలోని ముసలివారి యిండ్లకు పోయి కూర్చుండుచున్నాడు. పడుగు, పేక, నాడె, అచ్చు, కండె అని నోటుపుస్తకములో వ్రాసికొని తెచ్చి, నాకు చూపి, ఇంతవఱకు తనకు వీనిలో రెండే తెలిసియుండెనని చెప్పెను. మూడవ పుట నిండినది. ఎనుబదియేండ్లు దాటిన యొకామె వచ్చేవారము ఇంకను చెప్పెదనన్నదట, కాగితము పెద్దది తెచ్చుకొమ్మన్నదట.